ఆరు డిగ్రీలు

సెప్టెంబరు చివరి సోమవారం పొద్దున పదిన్నరకు ధాత్రికి రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో హౌస్ డ్రైవర్ వచ్చాడట, శాంపిళ్ళేమీ తేలేదట, ఒక రిపోర్టు చేత్తో పట్టుకుని దానిమీద సంతకం చేసినవాళ్ళను చూడాలంటున్నాడట.

ధాత్రి పనిచేసేది దోహాలో సల్వా రోడ్డు వెనక వీధిలో ఉన్న ఒక చిన్న ల్యాబ్‌లో. నేలలోకి పెట్రోలు, డీజిలు ఎంత ఇంకిందో కొలిచి చెప్పడం ఆమె పని. కాకినాడ అమ్మాయి. కెమిస్ట్రీ చదివి, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి ఆరేళ్ళయింది. భర్త సిద్ధార్థ్ అల్ ఖోర్ వైపు గ్యాస్ కంపెనీలో షిఫ్టు డ్యూటీలు చేస్తాడు. వారంలో నాలుగు రోజులు అక్కడే ఉంటాడు. ఆరేళ్ళలో ఆమె కొన్ని వేల రిపోర్టుల మీద సంతకం పెట్టింది. వాటిని చదివేది కంపెనీల వాళ్ళూ, కన్సల్టెన్సీల వాళ్ళూను. రిపోర్టు పట్టుకుని ఒక మనిషి ఆమెను వెతుక్కుంటూ రావడం ఇదే మొదటిసారి.

రిసెప్షన్‌లో కుర్చీ ఖాళీగా ఉన్నా అతను నిలబడే ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మాసిన గడ్డం. ఆమె పేరు బ్యాడ్జి మీద చదివి తెలుగులోకి దిగాడు. పేరు హమీదుద్దీన్, ఊరు రాయచోటి దగ్గర. మెసైమీర్‌లో ఒక విల్లాలో తాను డ్రైవరు, భార్య పర్వీన్ అదే ఇంట్లో వంటమనిషి. విల్లా వెనక, ప్రహరీగోడకు ఆనించి కట్టిన గదిలో ఇద్దరూ ఉంటారు. వంటగది కూడా ఆ గదికి అతుక్కునే ఉంది.

“ఈ కాగితంలో ఏముండాదో ఇంకోసారి చూసి చెప్పండి మేడమ్” అన్నాడు. “నాకు ఇంగ్లీషు రాదు. నేల బాగుండాదని రాసినారంట. ఆస్పత్రిలో డాక్టరు మాత్రం, నీ పెండ్లాం పెట్రోల్ బంకులో పనిచేస్తాదా అని అడగతా ఉండాడు.”

తర్వాత మెల్లగా మొత్తం చెప్పాడు. పర్వీన్‌కు ఏడాదిగా తలనొప్పి, కళ్ళు తిరగడం. మొన్న జులై నుంచి ముక్కులోంచి రక్తం. ఒళ్ళంతా నల్లగా కమిలిన మచ్చలు. రక్తం ఊరడమే తగ్గిపోయిందని డాక్టర్లు తేల్చారు. రెండు వారాలు వార్డులో ఉంచి, రక్తమెక్కించి, నిన్ననే ఇంటికి పంపారు. పెట్రోలు, రంగులు, జిగురు లాంటి వాటి దగ్గర ఉంచొద్దని చెప్పారు. గదిలో ఒకప్పుడు పెట్రోలు వాసన వచ్చేదని ఇతను డాక్టరుకు చెప్పాడు. అప్పట్లో ఆ వాసనకే నేల పరీక్ష చేయించిన ఇంటి యజమాని ఈ రిపోర్టు చూపించాడు. డాక్టరు చదివి, అయితే ఆ గదిలో భయం లేదన్నాడు. ఇప్పుడు పర్వీన్ అదే గదిలో పడుకుని ఉంది.

ధాత్రి కాగితం అందుకుంది. జూన్ రెండో వారం తేదీ. పెట్రోలు లేదు. పెట్రోలులో ఉండి రక్తాన్ని దెబ్బతీసే బెంజీన్ లేదు. డీజిలు అనుమతించిన దానికన్నా చాలా తక్కువ. కింద తన సంతకం. ఆమె తలెత్తి అతని ముఖం చూసింది. అప్పుడు గుర్తొచ్చాడు. ఆ రోజు శాంపిళ్ళ పెట్టె తెచ్చింది ఇతనే.

అది గురువారం. వారానికి ఆఖరి పనిరోజు, సాయంత్రం నాలుగున్నర. అందరూ బ్యాగులు సర్దుకుంటున్నారు. విల్లాలో మట్టి తీసిన కన్సల్టెన్సీ టెక్నీషియన్‌కు వెంటనే ఇంకో సైటుకు వెళ్ళాల్సి వచ్చి, పెట్టెను ఆ ఇంటి డ్రైవర్ చేతికిచ్చి ల్యాబ్‌లో ఇవ్వమన్నాడు. ఆలస్యమైందని డ్రైవరే చెప్పాడు. పన్నెండింటికి బయలుదేరాననీ, మధ్యలో విల్లా మేడమ్ ఫోన్ చేస్తే పిల్లల్ని బడి నుంచి ఇంట్లో దింపి, అబూ హమూర్ మార్కెట్లో కూరగాయలు తెచ్చి ఇచ్చి వస్తున్నాననీ అన్నాడు. పెట్టె అంతసేపూ కారు డిక్కీలో ఉంది. బయట నలభై ఆరు డిగ్రీల ఎండ. మూత తీస్తే ఐసంతా నీళ్ళయి, మట్టి నింపిన గాజు సీసాలు అందులో మునిగి ఉన్నాయి.

ధాత్రి థర్మామీటరు పెట్టి చూసింది. ముప్పై మూడు.

ఆరు దాటితే తీసుకోకూడదన్నది ల్యాబ్ నియమం. పెట్రోలు గాలిలో కలిసిపోయే వస్తువు. మట్టి వేడెక్కితే సీసా మూత సందుల్లోంచి అదంతా వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఎంత గొప్ప మిషన్‌లో పెట్టినా కొలవడానికి ఏమీ మిగలదు. ఈ సంగతి ఆమెకు తెలియకపోవడమేమీ లేదు. కొత్తగా చేరేవాళ్ళకు పాఠం చెప్పేదే ఆమె. కానీ ఆ వారం అప్పటికే రెండు పెట్టెలు వెనక్కి పంపింది. కన్సల్టెన్సీ వాళ్ళు గొడవ చేశారు. బుధవారం మీటింగులో మేనేజర్ రామచంద్రరావు, దోహాలో మనదొక్కటే ల్యాబ్ కాదని అందరి ముందూ నవ్వుతూ అన్నాడు. ఆమె కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఆయన టేబుల్ మీదే ఉంది. ఇది కూడా వెనక్కి పంపితే ఆదివారం మళ్ళీ అదే మాట పడాలి.

ఆమె పెన్ను తీసి ఫారంలో ఉష్ణోగ్రత అన్న గడిలో ఆరు అని వేసింది. క్షణం పట్టలేదు. డ్రైవర్ చేత సంతకం చేయించుకుని, సీసాలు ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికెళ్ళిపోయింది. ఆదివారం మిషన్ ఏమీ లేదని చెప్పింది. తానూ అదే రాసింది.

ఇప్పుడు రిసెప్షన్‌లో ఆమె కాగితం మడిచి అతనికి తిరిగి ఇచ్చింది. 

మళ్ళీ పరీక్ష చేద్దామని చెప్పింది. అప్పటిదాకా పర్వీన్‌ను ఆ గదిలో పడుకోబెట్టొద్దంది.

“యాడికి తీసకపోవాల మేడమ్?” అన్నాడతను. “మా వీసాలు ఆ ఇంటివే. బాబా, ఆ ఇంటాయన, మంచోడే. కానీ కాగితంలో బాగుండాదని ఉంటే నేనేమని అడిగేది?”

రిపోర్టు తప్పని ఆ క్షణాన చెప్పేయాల్సింది.  ముందు రుజువు చేతికి రానీ అనుకుంది. కిటికీలు తెరిచి ఉంచమని మాత్రం చెప్పి అతన్ని పంపించింది.

లోపలికి వెళ్ళి కంప్యూటర్లో జూన్ నాటి గ్రాఫ్ తీసింది. మట్టిలోంచి వచ్చిన ఆవిరి మిషన్ గుండా పోతుంటే ఒక్కో పదార్థం దగ్గర గీత శిఖరంలా లేస్తుంది. తేలికవి ముందు, బరువైనవి తర్వాత. పెట్రోలు శిఖరాలు ఉండాల్సినచోట గీత నేలబారుగా ఉంది. ఆమె చివరి భాగాన్ని పెద్దది చేసి చూసింది. అక్కడ, లెక్కలోకి తీసుకోనంత చిన్నవిగా, నాలుగైదు బుడిపెలు కనిపించాయి. పెట్రోలు ఆవిరైపోయాక అడుగున మిగిలే బరువైన భాగం అది. జూన్‌లో ఒక్కసారి పెద్దది చేసి చూసి ఉంటే తెలిసేది. చూడలేదు. చూడాలనుకోలేదు కాబట్టి చూడలేదు.

బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని, కుళాయి తిప్పి చాలాసేపు నిలబడింది. తర్వాత జలంధర్‌కు ఫోన్ చేసింది. జూన్‌లో మట్టి తీసిన కన్సల్టెన్సీ టెక్నీషియన్ అతనే, జగిత్యాల వైపువాడు. రిపోర్టు మీద అనుమానం వచ్చిందని, రేపు పొద్దున్నే తనతో రావాలని అడిగింది. అతను ఎందుకని అడగలేదు.

మంగళవారం ఆరున్నరకల్లా ఇద్దరూ మెసైమీర్ చేరారు. విల్లా వెనక గోడకవతల ఒక ట్రాన్స్‌పోర్ట్ యార్డు. అందులో బస్సులకూ కార్లకూ సొంత పెట్రోలు పంపు ఉండేదనీ, భూమిలో ట్యాంకు ఉందనీ, దాన్ని మే నెలలో మూసేశారనీ హమీదుద్దీన్ చెప్పాడు. గది తలుపు తీసి ఉంది. మంచం మీద పర్వీన్ గోడకు ఒరిగి కూర్చుని ఉంది. ముప్పై రెండేళ్ళ మనిషి, పెదవులు కాగితంలా పాలిపోయి ఉన్నాయి. ముంజేతి మీద సూదులు గుచ్చినచోట పెద్ద పెద్ద నల్లమచ్చలు. ధాత్రిని చూసి లేవబోయింది.

“టీ పెడతా అక్కా, కూర్చోండి” అంది.

ధాత్రి వద్దంది. ఆ గదిలో ఒక నిమిషం నిలబడగానే ఆమెకు వాసన తెలిసింది. ఈ గదిలో ఉండేవాళ్ళకు మొదట తెలిసి, క్రమంగా అలవాటైపోయి, ఇక తెలియకుండా పోయే వాసన. వంటగదిలో నేల గచ్చుకు మధ్యలో వెంట్రుకంత పగులు ఉంది. పర్వీన్ రోజంతా నిలబడి వంట చేసేది సరిగ్గా అక్కడే. హమీదుద్దీన్ రోజంతా కారులో బయట తిరుగుతాడు కాబట్టి అతనికేమీ కాలేదు.

అంతలో ఇంటి యజమాని బయటికొచ్చాడు. అరవై దాటిన పెద్దాయన. వచ్చీరాని ఇంగ్లీషులో, మీ పేపరే కదా మాఫీ పెట్రోల్, పెట్రోలు లేదు అని చెప్పింది, మళ్ళీ ఎందుకు తవ్వుతున్నారని అడిగాడు. ఆయన గొంతులో కోపం లేదు, అయోమయమే ఉంది. ధాత్రి వంగి సీసాల పెట్టె తెరిచింది.

జలంధర్ గోడవారన మట్టి తీసే బర్మా దింపాడు. మీటరు లోతు వరకూ తెల్లటి ఇసుక వచ్చింది. మీటరున్నర దగ్గర బూడిదరంగు తడి మట్టి పైకొచ్చింది. యజమాని వంగి ఒక పిడికెడు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.  తర్వాత హమీదుద్దీన్‌ను పిలిచి, భార్యను ఇప్పుడే ముందువైపు అతిథుల గదిలోకి మార్చమని అరబ్బీలో చెప్పాడు.

జలంధర్ చేతులు తుడుచుకుంటూ ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు. “జూన్‌ల గూడ గిదే వాసనుండె మేడమ్. మీ రిపోర్టు ఏం లేదని వచ్చె. ఇగ ముక్కు మాట ఎవడింటడు?”

ఆమె తడి మట్టిని తానే తూచి, మిథనాల్ పోసిన చిన్న సీసాల్లోకి దింపింది. ఆ ద్రవంలో పడితే పెట్రోలు ఎక్కడికీ పోదు. మూతలు బిగించి, ఐసులో పాతిపెట్టి, పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ల్యాబ్‌కు వచ్చింది. దారిలో మూడుసార్లు మూత తీసి థర్మామీటరు చూసుకుంది.

పదకొండింటికి మొదటి సీసా మిషన్‌లోకి వెళ్ళింది. గీత లేచి, తెర పై అంచును తాకి, అక్కడే బల్లపరుపుగా సాగింది. కొలవగలిగినంత మించి ఉందన్నమాట. యాభై రెట్లు పలచబరిచి మళ్ళీ పెట్టింది. అప్పటికి శిఖరాలు విడివిడిగా కనిపించాయి. బెంజీన్ దగ్గర లేచిన గీతను చూస్తూ ఆమె కుర్చీలో వెనక్కి వాలిపోయింది. కిలో మట్టిలో రెండువేల నాలుగు వందల మిల్లీగ్రాముల పెట్రోలు. బెంజీన్ పదకొండు. ఆ నేల మీద మనుషులు నివసించాలంటే ఉండదగ్గ దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మరోసారి చేసింది, ఎక్కడో పొరపాటు దొరుకుతుందేమోనని. అదే అంకె.

రెండు గ్రాఫులూ పట్టుకుని రామచంద్రరావు గదిలోకి వెళ్ళింది. గుంటూరు మనిషి, ఇరవై రెండేళ్ళుగా దోహాలో ఉన్నాడు. ఈ ల్యాబ్‌ను రెండు గదులతో మొదలుపెట్టి ఇంతదాకా తెచ్చింది ఆయనే. ఆమె జూన్ పెట్టె సంగతి చెప్పింది. ముప్పై మూడు ఉంటే ఆరు అని రాశానని చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు.

“వెనక్కి పంపొద్దని నేను నీకు చెప్పానా?”

“చెప్పలేదు సార్.”

ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు. “చూడమ్మా, ఇది కొత్త శాంపిల్, కొత్త తేదీ. కొత్త రిపోర్టు ఇవాళే ఇచ్చేద్దాం. ఆ అమ్మాయిని గదిలోంచి మార్చేశారంటున్నావు కదా. పాతదాని జోలికి ఎందుకు? ఉష్ణోగ్రత దొంగగా రాశామని తెలిస్తే మన లైసెన్సు ఉంటుందా? ఇక్కడ నలభై మంది ఉన్నారు. వాళ్ళ పిల్లలు ఇక్కడి బళ్ళలో చదువుతున్నారు.”

ఆ మాటలో అబద్ధం లేదు. ఆ నలభై మందిలో సగం మంది ఇళ్ళకు ఆమె భోజనాలకు వెళ్ళింది.  ఆయన చెప్పినట్టే చేద్దామని నిజంగానే అనిపించింది. కానీ పొద్దున చూసిన, యార్డు గోడ పొడవునా ఉన్న పక్క ఇళ్ళ గదులు ఆమె కళ్ళముందు నుంచి కదలడం లేదు.

“యార్డు వాళ్ళు ట్యాంకు మేలో మూశారు సార్. జూన్‌లో నేల శుభ్రంగా ఉందని మన కాగితం చెప్తోంది. అది చెల్లినంతకాలం తప్పు వాళ్ళదని ఎవరూ అనలేరు, వాళ్ళ నేల ఎవరూ తవ్వరు. ఆ గోడను ఆనుకుని ఇంకో నాలుగు ఇళ్ళ వెనక గదులున్నాయి. వాటిల్లోనూ మనుషులు పడుకుంటున్నారు.”

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. ఒక్కరోజు ఆగమన్నాడు, ఎవరితోనైనా మాట్లాడి చూస్తానన్నాడు. నిన్న కాగితం చూసి కూడా ఒక రోజు ఆగాననీ, ఆ రాత్రి పర్వీన్ ఆ గదిలోనే పడుకుందనీ ధాత్రి చెప్పింది. తాను రాసి తెచ్చిన ఉత్తరం ఆయన ముందు పెట్టింది. జూన్ రిపోర్టు చెల్లదని, శాంపిల్ పాడైందని, ఉష్ణోగ్రత తానే తప్పుగా నమోదు చేశానని అందులో ఉంది. ఆయన రెండుసార్లు చదివాడు. ఆయన చెయ్యి ఇంత ముసలిగా ఉందని ఆమె అంతవరకూ గమనించలేదు. సంతకం పెట్టి, ఆమె వైపు చూడకుండానే ఉత్తరం తోశాడు.

ఆ సాయంత్రం పర్వీన్‌కు చిగుళ్ళ నుంచి రక్తం ఆగక మళ్ళీ ఆస్పత్రిలో చేర్చారు.

బుధవారం మధ్యాహ్నం ధాత్రి అక్కడికి వెళ్ళింది. కొత్త రిపోర్టూ, పాతది చెల్లదన్న ఉత్తరమూ డాక్టరుకు ఇచ్చింది. ఆయన చదివి, ఎంతకాలంగా ఆ గదిలో ఉన్నారని అడిగి, రెండేళ్ళని విని, పెన్నుతో అంకె చుట్టూ గీత గీశాడు. ఎముక మూలుగ పరీక్ష మళ్ళీ వెంటనే చేయాలన్నాడు. ఈ కాగితం జూన్‌లోనే ఉంటే బాగుండేదన్నాడు. ఆయనకేమీ తెలియక అన్న మాట అది.

హమీదుద్దీన్ వార్డు బయట బెంచీ మీద ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. పెట్టె వేడెక్కిపోయి వచ్చిందనీ, తీసుకోకూడదని తెలిసీ తీసుకున్నాననీ, ఆరు అని రాశాననీ, అందుకే కాగితం బాగుందని చెప్పిందనీ.  అతను చేతిలో ఉన్న మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూ, బిగిస్తూ ఉన్నాడు. తర్వాత అడిగాడు.

“పెట్టె డిక్కీలో ఉన్నందుకా, వేడయింది?”

ధాత్రి ఈ ప్రశ్న వస్తుందని రాత్రంతా భయపడింది. కాదని చెప్పొచ్చు. అతను నమ్ముతాడు.

“అవును” అంది. “కానీ హమీద్ భాయ్, అలా వేడెక్కినవి రోజూ వస్తాయి. వచ్చిన ప్రతిసారీ వెనక్కి పంపడానికే నేను అక్కడున్నాను. ఆ రోజు నేను పంపి ఉంటే, నాలుగు రోజుల్లో మళ్ళీ మట్టి తీసేవాళ్ళు. మీకేమీ తెలియదు. నాకన్నీ తెలుసు.”

“నేను మార్కెట్‌కు పోకుండా నేరుగా వచ్చింటే?”

ఆమె జవాబు చెప్పలేదు. అతనికి అదే జవాబయింది. ముఖం చేతుల్లో పెట్టుకుని ముందుకు వంగిపోయాడు. ఏడుపు వినబడలేదు, భుజాలు మాత్రం కదిలాయి. ఆమె చెయ్యి చాచి, తాకే హక్కు లేదనిపించి వెనక్కి తీసుకుంది. కొంతసేపటికి అతను లేచి, ముఖం తుడుచుకుని, వార్డు తలుపు దగ్గర ఆగాడు.

“పర్వీన్‌కు మీరు చెప్పొద్దండి. నేనే చెప్తా” అని లోపలికి వెళ్ళిపోయాడు.

పది రోజుల్లో అధికారులు గోడ అవతల తవ్వించారు. మూసేశామన్న ట్యాంకు అడుగున అరచేతి పొడవున చీలిక ఉంది. ఐదు ఇళ్ళ వెనక గదులూ ఖాళీ చేయించారు. వాటిలో ఉంటున్న పదకొండు మందికి రక్తపరీక్షలు చేస్తే, ఇద్దరికి రక్తకణాలు అప్పుడే తగ్గడం మొదలయ్యాయని తేలింది. ల్యాబ్‌లో పెట్రోలు పరీక్షలు ఆర్నెల్లు ఆపేయమని ఆదేశం వచ్చింది. నలభై మందిలో ఏడుగురిని ఇంటికి పంపారు. మొదటి పేరు ధాత్రిది. మిగిలిన ఆరుగురిలో ఒకామె, ఆమె పక్క బల్ల మీద నాలుగేళ్ళు పనిచేసిన నౌషీన్, సర్దుకుంటూ కూడా ఆమెతో మాట్లాడలేదు. సిద్ధార్థ్ తిట్టలేదు, ఓదార్చనూ లేదు. తాముండే అబూ హమూర్ ఫ్లాటు ఖాళీ చేసి ఇద్దరి మకాం అల్ ఖోర్‌కు మార్చాడు. ఇంకో ల్యాబ్‌లో ఉద్యోగానికి ఆమె దరఖాస్తు పెట్టలేదు.

పర్వీన్‌ను విల్లా యజమాని టికెట్లు తీసి భర్తతో సహా ఇండియాకు పంపించాడు. వేలూరులో చూపిస్తున్నారని జలంధర్ చెప్పాడు. ధాత్రి హమీదుద్దీన్ నంబరుకు ఎన్నోసార్లు చేసింది. అతను ఎత్తలేదు. డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఎత్తారు, కానీ గొంతు పర్వీన్‌ది.

మూడు వారాలకొకసారి రక్తం ఎక్కిస్తున్నారట. మందులు పనిచేస్తాయో లేదో వేసవి దాకా చెప్పలేమన్నారట. తమ్ముడి మూలుగ సరిపోతుందేమో చూస్తున్నారట. ఇవన్నీ మామూలుగా చెప్పింది. ధాత్రి క్షమించమని అడగబోతే ఆపింది.

“ఆయన నాకంతా చెప్పినాడక్కా. మీ మింద నాకు కోపం లేదని అబద్ధం చెప్పను, ఉండాది. అది తర్వాత చూసుకుందాం. ఆ రోజు నుంచి ఈయన ఎవరితోనూ మాట్లాడడు. అన్నం పెడితే తింటాడు, లేకుంటే లేదు. ఆటో ఎక్కడు, బండి ముట్టడు. ఈడ మేముండే గది నుంచి ఆస్పత్రికి ఏడు కిలోమీటర్లు నడిచొస్తా ఉండాడు. నేనేం చెప్పినా, నీకు తెలీదులే అంటాడు. తెలిసిన మనిషి మీరొక్కరే. ఫోన్ ఇస్తాను, మీరు చెప్పండి.”

ఫోన్ చేతులు మారిన చప్పుడు వినిపించింది. ఆస్పత్రి హాలు రద్దీ, ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్న మైకు. వాటి మధ్య ఒక మనిషి ఊపిరి.

 ధాత్రి మొదలుపెట్టింది. ఆ గురువారం సాయంత్రం తన ముందు పెట్టె తెరిచిన క్షణం నుంచి, థర్మామీటరు మీద అంకె చూసి, పెన్ను తీసి, గడిలో ఏం రాసిందో, రాస్తున్నప్పుడు ఏమనుకుందో ఒక్కటీ దాచకుండా మళ్ళీ చెప్పుకుంటూ వచ్చింది. మధ్యలో ఆగి, “హమీద్ భాయ్, వింటున్నారా?” అని అడిగింది.

మైకు ఇంకో పేరు పిలిచింది.

“వింటా ఉండా” అన్నాడతను. “చెప్పండి.”